ఎదురుచూపు ఖర్చు ఎవరిది? జీతం నుంచి సొంత వ్యాపారం దాకా ఒక లెక్క

పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశకాల్లో పారిస్‌లో డబ్బు వ్యాపారం చేసిన ఐరిష్ బ్యాంకరు రిచర్డ్ కాంటిలాన్ మనుషులను రెండు గుంపులుగా విడదీశాడు. ఎంత వస్తుందో ముందే తెలిసినవాళ్లు ఒక గుంపు, తెలియనివాళ్లు ఇంకో గుంపు. జీతం తీసుకునే సేనాధిపతి, భరణం అందుకునే రాజాస్థాన ప్రముఖుడు, ఇంటి పనులు చేసే నౌకరు మొదటి గుంపులో పక్కపక్కనే నిలబడతారు. తెలిసిన ధరకు సరుకు కొని తెలియని ధరకు అమ్ముకునే వర్తకులది రెండో గుంపు. బిచ్చగాళ్లను, దొంగలను కూడా ఆయన ఈ రెండో గుంపులోనే వేశాడు. రేపటి రాబడి ఎంతో వాళ్లకూ తెలియదు కదా! ఆయన చనిపోయాక, 1755లో అచ్చయిన ఈ విభజనలో ధైర్యానికి గానీ, కలలకు గానీ చోటు లేదు.

ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్లయిన యువతకు ఈ రోజు వినిపించే మాటలు వేరు. జీతానికి పనిచేసేవాడు పిరికివాడు, సొంతంగా మొదలుపెట్టేవాడు వీరుడు అని ఒక వైపు నుంచి. నెల జీతాన్ని మించిన భద్రత లేదు, చేతిలో ఉన్నది జారవిడుచుకోవద్దు అని ఇంకో వైపు నుంచి. రెండు వాదాలూ మనిషి స్వభావం చుట్టూనే తిరుగుతాయి. కాంటిలాన్ గీత మనిషి మీద గీసినది కాదు, డబ్బు వచ్చే తీరు మీద గీసినది. అందుకే అది ఇప్పటికీ పనికొస్తోంది.

జీతమంటే చేసిన పనికి ధర అనుకుంటాం. అందులో ఇంకొకటి కూడా కలిసి ఉంటుంది. తయారైన సరుకు అమ్ముడుపోయిందా, కొన్నవాడు డబ్బు ఇచ్చాడా, ఇస్తే ఎప్పుడిచ్చాడు అన్న వాటితో నిమిత్తం లేకుండా నెల తిరిగేసరికి జీతం చేతికి వస్తుంది. ఆ ఎదురుచూపంతా యజమాని భరిస్తాడు. అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో ఈ విషయానికి ఇంకాస్త పదును పెట్టాడు. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఎంతో లెక్క కట్టవచ్చు. అలా లెక్కకు అందే ముప్పుకు బీమా దొరుకుతుంది. ఇంతవరకూ లేని ఒక సేవను జనం కొంటారా లేదా అన్నదానికి పాత లెక్కలే ఉండవు, కాబట్టి బీమా కూడా ఉండదు. లాభం పుట్టేది ఈ రెండో చోటే అంటాడు నైట్. ఉద్యోగి ఆ అనిశ్చితిని యజమాని నెత్తిన పెట్టి, బదులుగా లాభంలో వాటా వదులుకుంటాడు. ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టడమంటే ఆ బరువును తిరిగి తన నెత్తికి ఎత్తుకోవడం. ఎంత బరువు, ఎన్ని నెలలు మోయాలి అన్నది అంకెల్లో తేల్చుకోదగిన ప్రశ్న. విచిత్రమేమిటంటే, రాజీనామా గురించి నెలల తరబడి నిద్ర పాడుచేసుకునేవాళ్లలో కూడా ఆ అంకెలు కాగితం మీద పెట్టేవాళ్లు తక్కువ.

మొదటి పదేళ్ల వెతుకులాట

ఆ అంకెల దగ్గరికి వెళ్లేముందు ఉద్యోగం గురించే కొంత చెప్పుకోవాలి. ఎందుకంటే వ్యాపారానికి కావలసిన సరంజామాలో చాలా భాగం అక్కడే పోగవుతుంది.

తొలి ఉద్యోగ సంవత్సరాలను స్థిరపడే కాలంగా చూడటం అలవాటు. నిజానికి అది వెతుకులాట కాలం. రాబర్ట్ టోపెల్, మైకేల్ వార్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని యువకుల ఉద్యోగ రికార్డులను పరిశీలించి 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. పని మొదలుపెట్టిన పదేళ్లలో సాధారణ యువ కార్మికుడు ఏడు ఉద్యోగాలు చేస్తాడని, జీవితం మొత్తంలో చేసే ఉద్యోగాల్లో అవి మూడింట రెండు వంతులని అందులో తేలింది. ఆ కాలంలో పెరిగిన వేతనంలో కనీసం మూడో వంతు ఉద్యోగం మారినప్పుడు వచ్చినదే. ఇది ఒక దేశం, ఒక తరం లెక్క. వేరే చోట అంకెలు మారతాయి. అయితే ఏ పని తనకు నప్పుతుందో, ఏ యజమాని దగ్గర తన పనికి విలువ దొరుకుతుందో చేసి చూస్తే గానీ తెలియదన్నది ఎక్కడైనా ఒకటే.

మారడం వేరు, గెంతడం వేరు. ఈ తేడా పట్టుకోవడానికి అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో చెప్పిన విభజన అక్కరకొస్తుంది. కొన్ని నైపుణ్యాలు ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి. కొన్ని ఆ ఒక్క సంస్థ గోడల మధ్యే పనికొస్తాయి. లోహం అతకడం, ఖాతాలు చూడటం, కొనుగోలుదారుతో మాట్లాడి ధర కుదర్చడం మొదటి రకం. ఏ ఫైలు మీద ఎవరి సంతకం ముందు పడాలి, సంస్థ సొంతంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట ఎక్కడుంది వంటివి రెండో రకం. మొదటి రకం శిక్షణకు యజమాని ఖర్చు పెట్టడానికి వెనకాడతాడు, నేర్చుకున్నవాడు పక్క సంస్థకు వెళ్లిపోగలడు గనుక. ఆ ఖర్చును తక్కువ జీతం రూపంలో ఉద్యోగే భరిస్తాడని బెకర్ వాదన. దీన్ని తిరగేసి, తక్కువ జీతమిచ్చే ప్రతి చోటా విద్య అబ్బుతుందని అనుకోవడం పొరపాటు. జీతమూ లేక, నేర్పూ లేని ఉద్యోగాలకు లోకంలో కొదవ లేదు. ఈ నెలలో నేర్చుకున్నదాంట్లో ఈ గేటు దాటాక పనికొచ్చేది ఎంత అని నెలకోసారి ప్రశ్నించుకుంటే చాలు, ఎక్కడున్నామో తెలుస్తుంది.

సొంతంగా ఏదైనా పెట్టాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ఉద్యోగంలో పని నేర్చుకుంటారు గానీ, ఆ పని చుట్టూ డబ్బు ఎలా తిరుగుతుందో గమనించరు. కొటేషన్‌లో అంకె వేసేది ఎవరు, ఏ లెక్కన వేస్తారు? బేరం ఎక్కడ ఆపుతారు? ఏ కస్టమరు చెప్పిన తేదీకి చెల్లిస్తాడు, ఏ కస్టమరు నాలుగు ఫోన్లు చేస్తే గానీ కదలడు? సరుకు వేసేవాడు ఎన్నాళ్లు అరువు పెడతాడు? కోర్సుల్లో వీటికి సిద్ధాంతాలు చెబుతారు. జవాబులు మాత్రం అకౌంట్స్ విభాగంలో పక్క కుర్చీలో దొరుకుతాయి. మధ్యాహ్న భోజనం ఎప్పుడూ తన విభాగంవాళ్లతోనే చేసే ఇంజినీరుకు ఐదేళ్లయినా ఆ జవాబులు తెలియవు.

పక్క కుర్చీ విలువ ఇంకొకటి కూడా ఉంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఉద్యోగాలు దొరికే దారుల మీద ఒక వ్యాసం రాశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లను, ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా అన్నవాళ్లు ఆరింట ఒక వంతు. అప్పుడప్పుడు అన్నవాళ్లు సగం కంటే ఎక్కువ. ఎప్పుడో గానీ కలవం అన్నవాళ్లు కూడా నాలుగో వంతు దాటారు. ఆప్తమిత్రుడికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, ముఖపరిచయం ఉన్నవాడే కొత్త కబురు మోసుకొస్తాడు. లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్లకు పైగా వినియోగదారుల మీద జరిగి, 2022లో ప్రచురితమైన ప్రయోగం ఫలితాలు కూడా దాదాపు ఇదే దారిలో వచ్చాయి. మరీ బలహీనమైన పరిచయాల కంటే, మధ్యస్థంగా బలహీనమైనవి ఎక్కువ ఉపయోగపడ్డాయన్నది చిన్న సవరణ. వ్యాపారం పెట్టేవాళ్ల మొదటి కస్టమర్లు వచ్చేది సాధారణంగా ఈ ముఖపరిచయాల నుంచే.

ఇరవై ఏళ్ల మేధావి కథ

వ్యాపారమంటే ఇరవైల్లోనే పెట్టాలి, ఆలస్యమైతే అంతే అన్న భావన బలంగా పాతుకుంది. అమెరికాలో కనీసం ఒక్క ఉద్యోగినైనా పెట్టుకున్న 27 లక్షల మంది వ్యవస్థాపకుల వివరాలను పియర్ అజూలే, ఆయన సహచరులు పరిశీలించి 2020లో ప్రచురించారు. సంస్థ పెట్టేనాటికి వాళ్ల సగటు వయసు 42. వెయ్యికి ఒకటి చొప్పున అతివేగంగా ఎదిగిన సంస్థలను విడిగా తీస్తే వాటి వ్యవస్థాపకుల సగటు వయసు 45. అదే రంగంలో కనీసం మూడేళ్లు పనిచేసి వచ్చినవాళ్లకు ఘన విజయం దక్కే అవకాశం, ఆ అనుభవం లేనివాళ్ల కంటే 85 శాతం ఎక్కువగా కనిపించింది.

చదువు మధ్యలో వదిలేసిన బిల్ గేట్స్ ఉదాహరణ ఇక్కడ తప్పక ఎదురవుతుంది. 1975లో హార్వర్డ్ గడప దాటేనాటికి గేట్స్‌కు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడంలో ఏడేళ్ల అభ్యాసం ఉంది. స్కూల్లో ఉండగానే ప్రోగ్రాములు రాసి డబ్బు సంపాదించాడు. పైగా అతను తీసుకున్నది సెలవు. వ్యాపారం బెడిసికొడితే తిరిగి వెళ్లి చదువుకునే తలుపు తెరిచే ఉంది. కథ చెప్పేవాళ్లు తలుపును మాత్రం వదిలేస్తారు. ఇంకో ఉదాహరణ: ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తల్లో ఒకడైన విలియం షాక్లీ ప్రయోగశాల నుంచి 1957లో ఎనిమిది మంది బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. వాళ్లలో రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ పదకొండేళ్లు అక్కడ పనిచేసి, 1968లో ఇంటెల్ స్థాపించారు. అప్పటికి ఇద్దరూ నలభై ఏళ్ల దగ్గర ఉన్నారు. చిప్పు తయారీలో ఎక్కడ ఎంత వృథా పోతుందో వాళ్లకు చేతులతో తెలుసు.

అలాగని నలభై ఐదు దాకా ఆగమని కాదు. సగటు అన్నది గేటు కాదు. ఇరవై ఐదేళ్ల వయసులో ఇంటి బాధ్యతలు తక్కువ, తప్పు చేసినా దిద్దుకునే కాలం ఎక్కువ. అనుభవం, పరిచయాలు, పొదుపు ఏళ్లతో పాటు పోగవుతాయి కాబట్టి సగటు అలా తేలింది. వాటిని ముందే పోగేసుకున్నవాళ్లకు ఏళ్లతో పని లేదు.

ఒక మెకానిక్ కాగితం

ఇప్పుడు అంకెలు. ఏసీలు మరమ్మతు చేసే సంస్థలో ఆరేళ్లుగా ఉన్న ఒక మెకానిక్‌ను ఊహించుకుందాం. వయసు 27. జీతం నెలకు 100 అనుకుందాం. ఏ దేశపు డబ్బయినా ఫరవాలేదు, ఇక్కడ కావలసింది నిష్పత్తులే. ఇల్లు గడవడానికి 80 పోతుంది, 20 మిగులుతుంది.

సొంతంగా చేస్తే నెలకు 300 విలువైన పని దొరుకుతుందని అతనికి నమ్మకం. ఆధారం లేని నమ్మకం కాదు. ఏసీ మొరాయిస్తే సంస్థ పేరు కాక అతని పేరు చెప్పి పంపమని అడిగే కార్యాలయాలు కొన్ని ఉన్నాయి. ఖర్చులు వేశాడు. విడిభాగాలు, గ్యాసు కలిపి 140. సహాయకుడికి 50. బండి, పనిముట్ల వాయిదాలు 20. మొత్తం 210 పోగా 90 మిగులుతుంది. జీతం కంటే పది తక్కువ, కానీ ఎదిగే దారి ఉంది. ఇంతవరకు అందరూ వేస్తారు. ఇక్కడితో ఆపి రాజీనామా లేఖ రాస్తారు.

ఈ లెక్కలో లేనిది క్యాలెండరు. కార్యాలయాలు ఈ నెల చేసిన పనికి రెండు నెలల తర్వాత డబ్బిస్తాయి. విడిభాగాలు అమ్మేవాడు కొత్తవాడికి అరువు పెట్టడు. సహాయకుడు వారం వారం అడుగుతాడు. మొదటి నెల వ్యాపారం మీద 210, ఇంటికి 80, మొత్తం 290 బయటికి పోతుంది. లోపలికి వచ్చేది సున్నా. రెండో నెలా అంతే. మూడో నెలలో మొదటి బిల్లు తాలూకు 300 చేతికి వచ్చేసరికి అతను 580 సొంతంగా పెట్టి ఉంటాడు. అంటే దాదాపు ఆరు నెలల జీతం. నెలకు 20 మిగిల్చేవాడు అది కూడబెట్టడానికి 29 నెలలు పడుతుంది. కాగితం మీద చూస్తే మాత్రం ఈ వ్యాపారం మొదటి రోజు నుంచీ లాభంలోనే ఉంది.

పని బాగా దొరికితే సమస్య తీరుతుందనుకుంటే ఇంకాస్త ముందుకు వెళ్లి చూడాలి. మూడో నెలలో పని రెట్టింపై 600కు చేరిందనుకుందాం. విడిభాగాలు రెట్టింపు, రెండో సహాయకుడు, రెండో బండి. వ్యాపారం ఖర్చు 420, ఇల్లు 80, మొత్తం 500. వచ్చేదేమో పాత బిల్లు తాలూకు 300. ఇంకో 200 తక్కువ పడింది. నాలుగో నెలలోనూ 200 తక్కువ. గొయ్యి 580 నుంచి 980కి దిగింది. గిరాకీ లేక మూతపడిన వ్యాపారాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. గిరాకీ పెరిగినందువల్లే డబ్బు అందక ఆగిపోయిన వ్యాపారం పక్కింటివాళ్లకు అర్థం కాదు, కొన్నిసార్లు యజమానికీ అర్థం కాదు.

ఇదే లెక్కలో ఒక్క మాట మార్చి చూడవచ్చు. సగం డబ్బు పని చేసిన నెలలోనే ఇవ్వాలి, మిగతా సగం రెండు నెలలకు అని కార్యాలయాలను ఒప్పించాడనుకుందాం. అప్పుడు మొదటి రెండు నెలల్లో నెలకు 140 చొప్పున 280 పెడితే సరిపోతుంది. తేడా 300. నెలకు 20 పొదుపు చేసేవాడికి అది పదిహేను నెలల కష్టం. నైపుణ్యం పెరగలేదు, ధర పెంచలేదు, కొత్త కస్టమరు రాలేదు. బేరంలో ఒక షరతు మారింది, అంతే. బయానా అడగడానికి మొహమాటపడే మెకానిక్ తన సొంత డబ్బుతో పెద్ద కార్యాలయాలకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నాడని చెప్పాలి.

జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే రాబడి లేకపోవడం, పన్నులు, పనిముట్లు పాడవడం ఈ లెక్కలో చేర్చలేదు. అవి చేర్చితే 580 పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఎంతమంది నిలుస్తారు?

కొత్త వ్యాపారాల్లో తొంభై శాతం మొదటి ఏడాదిలోనే పోతాయన్న మాట ప్రచారంలో ఉంది. ప్రభుత్వ లెక్కలు అలా చెప్పవు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల్లో కొత్తగా తెరిచినవాటిలో సుమారు ఐదో వంతు తొలి ఏడాదిలో, దాదాపు సగం ఐదేళ్లలోపు, మూడింట రెండు వంతుల దాకా పదేళ్లలోపు మూతపడుతున్నాయి. మూతపడినవన్నీ దివాలా తీసినవి కావు. అమ్మేసినవి, యజమాని విరమించుకున్నవి, మంచి ఉద్యోగం దొరికి ఆపేసినవి కూడా అందులో ఉంటాయి. నిలబడిన వ్యాపారాలన్నీ లాభాల పంట కూడా కాదు. బార్టన్ హామిల్టన్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, పదేళ్లు వ్యాపారం నడిపినవాళ్లలో, సంపాదన వరుసలో సరిగ్గా మధ్యన నిలిచే యజమాని సంపాదన, అతను ఉద్యోగంలోనే ఉంటే వచ్చేదానికంటే 35 శాతం తక్కువ. అయినా వాళ్లు కొనసాగారు. తన పని తానే నిర్ణయించుకోగలగడానికి మనుషులు అంత ధర చెల్లిస్తారన్నమాట. అది తెలివితక్కువతనం కాదు, తెలిసి చెల్లిస్తే. తెలియకుండా చెల్లిస్తేనే చిక్కు.

తెలియకపోవడానికి కారణం ఉంది. 1988లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దాదాపు మూడు వేల మంది కొత్త యజమానులను, మీరు నెగ్గే అవకాశం పదికి ఎంత అని అడిగారు. ఏడు లేదా అంతకన్నా ఎక్కువ అని 81 శాతం చెప్పారు. పదికి పది అన్నవాళ్లు 33 శాతం. ఆ ధీమా లేకపోతే ఎవరూ దుకాణం తెరవరేమో కూడా. కానీ ఆ ధీమాతోనే పొదుపు లెక్క కూడా వేస్తే 580 కాస్తా 200గా కనిపిస్తుంది.

ఒక కాలు లోపల, ఒక కాలు బయట

దూకితే పూర్తిగా దూకాలి, వెనక్కి దారి ఉంటే మనసు పెట్టలేం అన్న మాట వినడానికి బాగుంటుంది. జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ 2014లో ప్రచురించిన పరిశోధన దీనికి ఎదురు తిరిగింది. ఉద్యోగంలో ఉండగానే చిన్నగా మొదలుపెట్టి, తర్వాత పూర్తికాలానికి మారినవాళ్ల వ్యాపారాలు మూతపడే రేటు, ఒక్కసారిగా దూకినవాళ్లతో పోలిస్తే మూడో వంతు తక్కువగా ఉంది. ఫిల్ నైట్ 1964లో జపాన్ బూట్లు తెచ్చి అమ్మే సంస్థను తన పాత కోచ్‌తో కలిసి పెట్టాడు. తర్వాత నైకీ అయింది అదే. 1969 దాకా అతను అకౌంటెంటుగా పనిచేస్తూ, పాఠాలు చెబుతూనే ఉన్నాడు. అమ్మిన బూట్ల డబ్బంతా మళ్లీ బూట్ల మీదే పెట్టాల్సి వచ్చేది గనుక, ఇల్లు గడిచింది జీతం మీద.

రెండు పడవల ప్రయాణానికి షరతులున్నాయి. ఉద్యోగ ఒప్పందంలో సంస్థ కాలంలో గానీ, సంస్థ పరికరాలతో గానీ తయారుచేసినది సంస్థకే చెందుతుందని, పోటీ వ్యాపారం చేయకూడదని రాసి ఉండవచ్చు. స్టీవ్ వోజ్నియాక్ తాను రూపొందించిన కంప్యూటర్‌ను ముందు తన యజమాని అయిన హ్యూలెట్ ప్యాకార్డ్‌కే చూపించాడు. వాళ్లు వద్దన్నారు. 1976లో ఆపిల్ మొదలైన తర్వాత కూడా అతను కొంతకాలం ఆ ఉద్యోగం వదల్లేదు. అడిగి వద్దనిపించుకోవడం ఎంత మంచి పత్రమో తర్వాత లాయర్లకు తెలుస్తుంది. ఇక రాత్రి పదింటికి మొదలుపెట్టే రెండో పని శరీరాన్ని ఏం చేస్తుందో చెప్పనవసరం లేదు. ఆ పద్ధతి ఏళ్ల తరబడి సాగదు.

అప్పు గురించి కూడా ఇక్కడే ఒక హెచ్చరిక. లెదర్ బూట్లు తయారుచేసే ఆరన్ సాలమన్ కేసులో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ 1897లో ఇచ్చిన తీర్పుతో కంపెనీ వేరు, యజమాని వేరు అన్న సూత్రం స్థిరపడింది. కంపెనీ మునిగితే యజమాని ఇల్లు మునగదన్నది దాని సారం. చిన్న కంపెనీకి అప్పిచ్చే బ్యాంకులు మాత్రం యజమాని చేత వ్యక్తిగత హామీ పత్రం మీద సంతకం పెట్టిస్తాయి. ఆ ఒక్క సంతకంతో 1897 నాటి గోడ కూలిపోతుంది. సంస్థను నమోదు చేయించడానికి వారాలు తిరిగినవాళ్లు హామీ పత్రాన్ని చదవకుండా రెండు నిమిషాల్లో సంతకం చేయడం మామూలే.

గీతకు అటూ ఇటూ కానివాళ్లు

వ్యాపారం పెట్టకుండా, కొత్త సంస్థలో చేరి షేర్లు తీసుకోవడం యువతను ఆకర్షిస్తున్న మూడో దారి. జీతం తక్కువ, వాటా ఉంటుంది. కాంటిలాన్ గీత ప్రకారం ఇది సగం జీతం, సగం ఎదురుచూపు. షేర్లు సాధారణంగా నాలుగేళ్లలో దఫాలుగా చేతికొస్తాయి, మొదటి ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రావు. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది వరుస. సంస్థ అమ్ముడైతే పెట్టుబడిదారులు తమ సొమ్ము ముందు తీసుకునే హక్కు రాయించుకుంటారు. పెట్టుబడిగా 100 తెచ్చుకున్న సంస్థ 90కి అమ్ముడుపోతే, ఆ 90 వాళ్లకే పోవచ్చు. ఉద్యోగి షేర్ల సంఖ్య ఎంతైనా విలువ సున్నా. ఎన్ని షేర్లు ఇస్తారని కాక, మొత్తంలో ఎంత శాతం, నా ముందు వరుసలో ఎంత సొమ్ము ఉంది అని అడగాలి. అడిగినందుకు ముఖం చిట్లించే సంస్థ తన జవాబు చెప్పేసినట్టే.

ఇంకో గుంపు ఉంది. యాప్‌ల ద్వారా బండ్లు నడిపేవాళ్లు, సరుకులు చేరవేసేవాళ్లు. రేపు ఎంత వస్తుందో వాళ్లకు తెలియదు, కాబట్టి కాంటిలాన్ వాళ్లను వర్తకుల పక్కన నిలబెట్టేవాడు. కానీ వర్తకుడు తన ధర తాను చెప్పుకుంటాడు, కస్టమరును తనవాడిని చేసుకుంటాడు. వీళ్లకు ఆ రెండూ లేవు. వ్యాపారి అనిశ్చితి, ఉద్యోగి అధీనత ఒకే మనిషి మీద పడ్డాయి. దాన్ని సొంత వ్యాపారమని ప్రకటనల్లో పిలవడం మాటల గారడీ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 60 శాతం పైగా, 200 కోట్ల మంది, అనియత రంగంలోనే, అంటే చట్టపరమైన రక్షణ, సామాజిక భద్రత సరిగా అందని పనుల్లోనే ఉన్నారు. వాళ్లలో ఎందరికో సొంత పని అనేది ఎంచుకున్నది కాదు, జీతం దొరకక చేస్తున్నది. ఉద్యోగమా, వ్యాపారమా అన్న చర్చ చేయగలగడమే ఒక వెసులుబాటు.

వెనక్కి వచ్చే దారి

ఆ వెసులుబాటు ఉన్నవాళ్లను భయపెట్టేది, వ్యాపారం పోతే మళ్లీ ఎవరు ఉద్యోగమిస్తారన్న ప్రశ్న. గుస్తావో మాన్సో 2016లో ప్రచురించిన పరిశోధన హామిల్టన్ లెక్కకు కొత్త కోణం చేర్చింది. సొంత పని ప్రయత్నించి, కుదరక ఒకటి రెండేళ్లలో ఉద్యోగానికి తిరిగొచ్చినవాళ్ల జీవితకాల సంపాదన పెద్దగా దెబ్బతినలేదు. వ్యాపారాన్ని జీవితకాల నిర్ణయంగా కాక ఒక ప్రయోగంగా చూస్తే నష్టం అనుకున్నదానికంటే చిన్నది. అయితే ఇది త్వరగా తిరిగొచ్చినవాళ్ల మాట. ఇంకొక్క నెల చూద్దాం అంటూ ఐదేళ్లు సాగదీసినవాళ్లకు వర్తించదు. ఎప్పుడు ఆపాలో నష్టం మధ్యలో నిలబడి తేల్చుకోవడం కష్టం, అప్పటికి అంతా కలిపి పెట్టింది కళ్లముందు ఉంటుంది.

అనుభవమున్న వ్యవస్థాపకులు ఆలోచించే తీరును పరిశీలించిన సరస్ సరస్వతి 2001లో చెప్పినది ఇక్కడ అక్కరకొస్తుంది. ఎంత లాభం వస్తుందని కాదు, ఎంత పోయినా తట్టుకోగలం అన్న దగ్గర వాళ్లు మొదలుపెడతారు.

మన మెకానిక్ మరో రెండేళ్లకు పైగా జీతంలోనే ఉండి 580 కూడబెట్టాడు. ఆ మధ్యలో సెలవు రోజుల్లో, సంస్థకు కస్టమర్లు కాని రెండు కార్యాలయాలకు పని చేసిపెట్టి, సగం డబ్బు ముందే తీసుకోవడం అలవాటు చేసుకున్నాడు. మొదటిసారి అడిగినప్పుడు గొంతు తడబడింది, మూడోసారికి తడబడలేదు. ఇప్పుడు అతనికి కావలసింది 280. మిగిలిన 300లో 200 దాకా పోయినా ఇల్లు నడుస్తుంది. ఒక తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాశాడు: చేతిలో 100 మిగిలిన రోజున కొత్త పని ఒప్పుకోను, పాత బాకీలు వసూలు చేసుకుని ఉద్యోగం వెతుక్కుంటాను. ఎనిమిదో నెల చివరికి నెలవారీ ఒప్పందమున్న కార్యాలయాలు ఐదు కాకపోయినా అంతే. కింద తేదీ వేసి, ఇంట్లోవాళ్ల చేత చదివించి, బీరువాలో పెట్టాడు. రాజీనామా లేఖ మీద మరుసటి రోజు తేదీ ఉంది.